లినక్స్ డెస్క్‌టాప్: తెర నల్లబడినా, వేగం తగ్గినా, నెట్ రాకపోయినా

లినక్స్ మొరాయిస్తే చాలామంది ముందుగా చేసే పని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కుదరని కార్డు, అరిగిపోయిన డిస్కు, తెగిన కేబుల్ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అలాగే ఉంటాయి. ముందు కారణం పట్టుకోండి. ఇక్కడ చెప్పినవి ఉబుంటు, లినక్స్ మింట్‌లకు సరిపోతాయి. కమాండ్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

లోగో దాకా వచ్చి తెర నల్లబడుతోంది

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్న మిషన్లలో ఇది ఎక్కువ. సిస్టమ్‌తో వచ్చే నూవో డ్రైవర్‌కు కొన్ని కార్డులతో పొసగదు. ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయాస్ మిషన్లలో షిఫ్ట్) నొక్కితే గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) మెనూ వస్తుంది. మొదటి వరుస మీద ఉండి 'ఇ' నొక్కండి. 'లినక్స్' అని మొదలయ్యే లైనులో 'క్వయిట్ స్ప్లాష్' తర్వాత ఒక ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' (nomodeset) అని చేర్చి ఎఫ్10 నొక్కండి. డెస్క్‌టాప్ వస్తుంది.

అక్కడితో ఆగకండి. నోమోడ్‌సెట్ లోపలికి వెళ్లడానికి మాత్రమే; దాంతో నడిచినంతసేపూ బొమ్మలు గీసే పని ప్రాసెసర్ మీద పడుతుంది. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, 'రికమెండెడ్' అని ఉన్నది ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. జీటీ 710 లాంటి కెప్లర్ తరం కార్డులకు 470 శ్రేణి డ్రైవరే చివరిది. అంతకంటే కొత్తది వేస్తే కార్డును గుర్తించదు. కంపెనీ సైటు నుంచి ఫైలు దించుకుని వేయడం మంచిది కాదు. కెర్నల్ (లినక్స్ మూలభాగం) అప్‌డేట్ వచ్చినప్పుడు అది తెగిపోయి తెర మళ్లీ నల్లబడుతుంది.

డ్రైవర్ వేసినా పనిచేయలేదంటే సెక్యూర్ బూట్‌ను (నమ్మిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటును) అనుమానించండి. ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీద 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెరను చూడకుండా దాటేస్తే ఆ డ్రైవర్ సంతకాన్ని కెర్నల్ నమ్మదు, లోడ్ చేయదు.

నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాతే నల్లబడితే గ్రబ్‌లో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' నుంచి పాత కెర్నల్‌తో బూట్ చేసి, డ్రైవర్‌ను మళ్లీ వేయండి.

రిజల్యూషన్ 1024×768 దాటడం లేదు

డ్రైవర్ బాగానే ఉంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. మానిటర్ తన కొలతలను వీజీఏ కేబుల్‌లోని 12, 15 పిన్నుల ద్వారా చెబుతుంది. చవక కేబుళ్లలో, కన్వర్టర్లలో ఆ తీగలు లేకపోయినా, పిన్ను వంగినా కంప్యూటర్‌కు ఆ సమాచారం అందదు. కేబుల్ మార్చి చూడండి.

వీడియో తడబడుతోంది, కిటికీలు ఈడ్చుకుంటూ కదులుతున్నాయి

సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో, మింట్‌లో అయితే సిస్టమ్ రిపోర్ట్స్‌లో, గ్రాఫిక్స్ వివరం చూడండి. 'ఎల్‌ఎల్‌వీఎంపైప్' అని ఉంటే కార్డు ఖాళీగా కూర్చుంది, ప్రాసెసర్ మోస్తోంది. గ్రబ్‌లో నోమోడ్‌సెట్ శాశ్వతంగా మిగిలిపోయిందేమో చూసి తీసేయండి.

మొత్తం సిస్టమే నెమ్మదించింది

టెర్మినల్‌లో 'ఫ్రీ' కమాండుకు 'మైనస్ హెచ్' చేర్చి (free -h) కొట్టండి. 'ఫ్రీ' కాలమ్‌లో తక్కువ కనబడితే కంగారు పడకండి. ఖాళీ ర్యామ్‌ను లినక్స్ కాష్‌కు వాడుకుంటుంది. చూడాల్సింది 'అవైలబుల్'. అది అడుగంటి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు జాగా) నిండుతుంటే ర్యామ్ చాలడం లేదు. స్వాపినెస్‌ను (స్వాప్‌ను ఎంత త్వరగా వాడాలో చెప్పే సంఖ్యను) 60 నుంచి 10కి తగ్గించమని చాలాచోట్ల చెబుతారు గానీ, చాలని ర్యామ్ దాంతో చాలదు. 4 జీబీ మిషన్‌కు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ వేయడం, వీలైతే ఇంకో 4 జీబీ స్టిక్కు చేర్చడం అసలైన దారి.

ర్యామ్ ఉండి కూడా ఫైలు తెరిచినప్పుడల్లా బిగుసుకుపోతుంటే డిస్కు చూడాలి. డిస్క్స్ అప్లికేషన్‌లో డ్రైవ్‌ను ఎంచుకుని మెనూలో స్మార్ట్ డేటా (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) తెరవండి. 'రీఅలొకేటెడ్', 'పెండింగ్' సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే డిస్కు పోతోంది: అదే రోజు ఫైళ్లు వేరేచోటికి కాపీ చేయండి, రిపేర్ ప్రయోగాలు ఆ తర్వాత. పెరుగుతున్నది 'సీఆర్‌సీ ఎర్రర్' (డేటా రాకపోకల్లో తప్పులు) అయితే చాలాసార్లు డిస్కు మంచిదే, సాటా కేబుల్ పాడైంది. కేబుల్ మార్చాక పాత సంఖ్య అలాగే ఉంటుంది, పెరగకపోతే చాలు.

వైఫై కనబడటం లేదు, లేదా తెగుతోంది

'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' (rfkill list) కొడితే రేడియో ఆపేసి ఉందో లేదో తెలుస్తుంది. లోపలి కార్డయితే 'ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కె' (lspci -k) కొట్టండి. దాని కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' లైను లేకపోతే డ్రైవర్ లేదు. బ్రాడ్‌కామ్ కార్డులతో ఇది మామూలే. డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి కదా: ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా ఏ సెట్టింగూ లేకుండా నెట్ వస్తుంది.

మధ్యమధ్య తెగిపోతుంటే పవర్ సేవింగ్ కారణం కావచ్చు. నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఫైలులో 3ని 2గా మార్చి రీస్టార్ట్ చేయండి. డాంగిల్ వాడేవాళ్లు దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుల పక్కన పెట్టకండి. ఆ పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరపండి.

కేబుల్ నెట్ ఎంత ప్లాన్ తీసుకున్నా 100 ఎంబీపీఎస్ దాటదు

గిగాబిట్‌కు 8 తీగలూ కలిసి ఉండాలి. ఒక్క తీగ తెగినా గిగాబిట్ రాదు, చాలాసార్లు లింకు 100కి దిగిపోతుంది. 'ఈథ్‌టూల్' (ethtool) కమాండులో 'స్పీడ్' 100 అని చూపిస్తే, రౌటర్‌లో గిగాబిట్ పోర్టే ఉంటే, కనెక్టర్‌ను కత్తిరించి మళ్లీ క్రింప్ చేయించండి.

కనెక్ట్ అయింది కానీ సైట్లు తెరుచుకోవు

టెర్మినల్‌లో 8.8.8.8కు (గూగుల్ సర్వర్) పింగ్ వెళ్లి, సైటు పేరుతో వెళ్లకపోతే డీఎన్ఎస్ (పేరును నంబరుగా మార్చే సేవ) తప్పు. కనెక్షన్ సెట్టింగ్స్‌లో 1.1.1.1 ఇవ్వండి. సర్టిఫికెట్ తప్పుందని బ్రౌజర్ అంటే గడియారం చూడండి. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. పవర్ ప్లగ్ తీసి కొత్తది వేసి, బయాస్‌లో తేదీ సరిచేయండి.