ఆటల పీరియడ్‌లో విడిగా మిగిలే పిల్లల్ని ఆటలోకి తేవడం ఎలా?

ఆటల పీరియడ్ రాగానే తలనొప్పనో, బ్యాగులు చూస్తాననో చెట్టు కింద చేరే పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో తరచూ కనిపిస్తారు. వాళ్లకు ఆటలంటే ఇష్టం లేదని అప్పుడే తేల్చేయకండి. జట్లు పంచే రెండు నిమిషాలే వాళ్లలో కొందరిని ఎక్కువగా భయపెడతాయి. ఇద్దరు కెప్టెన్లు ఏరుకుంటూ పోతే ఎవరు మిగిలారో క్లాసంతా చూస్తుంది.

అందుకే ఏరించడం మానేయండి. నలుగురేసి జట్లను ముందురోజే కాగితం మీద రాసుకోండి. అంకెలు చెప్పించి విడదీస్తే, ఎక్కడ నిలబడితే స్నేహితుడితో కలుస్తారో పిల్లలు ఇట్టే కనిపెడతారు. విడిగా ఉండే పిల్లాడి జట్టులో అతని బెంచీ వాళ్లు ఒకరుండాలి, గట్టిగా కేకలేసే ఆటగాడు ఉండకూడదు. మూడు వారాలు జట్లు కదపొద్దు. చనువు కుదరడానికి ఆ మాత్రం పడుతుంది.

నలభై మంది, నలభై నిమిషాలు, ఐదు బంతులు అనుకుందాం. మైదానం చుట్టూ రౌండ్లు కొట్టిస్తే చివర వచ్చేవాళ్లను మిగతావాళ్లు నిలబడి చూస్తారు. దానికి బదులు మూడు నిమిషాలు ఎవరి వేగంతో వాళ్లను పరిగెత్తించి, విజిల్‌తో అందర్నీ ఒకేసారి ఆపండి. తర్వాత పది నిమిషాలు ఎనిమిదేసి మంది గుండ్రంగా నిలబడి, బంతి కింద పడకుండా నిమిషంలో ఎన్ని క్యాచ్‌లు పడతారో లెక్కపెట్టాలి. పోటీ పక్క గుంపుతో వద్దు, తమ పాత లెక్కతోనే.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు పది మీటర్ల గడిలో నలుగురికి నలుగురు. బంతి పట్టినవాళ్లు కదలకూడదు, మూడు సెకన్లలో ఇచ్చేయాలి. వరుసగా ఐదు పాసులకు ఒక పాయింటు. నలుగురూ బంతి ముట్టాలన్న నియమం మాత్రం మొదటిరోజే పెట్టకండి. క్యాచ్ వదిలేసినవాళ్ల మీద జట్టంతా విరుచుకుపడుతుంది. చేతులు కుదిరాక, మూడో వారంలో పెట్టండి.

ఖోఖోలో కూర్చున్న ఎనిమిది మందిలో ఎవరికి ఖో అందడం లేదో గమనిస్తే తరగతిలో ఎవరు ఒంటరో తెలుస్తుంది. ఔటైనవాళ్లు ఆగిపోయే ఆటల్లో ఆట రానివాళ్లే ఎక్కువసేపు కూర్చుంటారు. తర్వాతివాళ్లు ఔట్ కాగానే ముందువాళ్లను లోపలికి పిలవండి. స్కోరు రాసే పని ఒంటరి పిల్లలకే శాశ్వతంగా కట్టబెట్టకండి, ఐదు నిమిషాలకొకరిని మార్చండి.

నెలసరి రోజుల్లో కూర్చునే అమ్మాయిలను వీళ్లతో కలిపి చూడొద్దు. కారణం అడగకుండా వదిలేయండి.

"ఒక్కడివే ఎందుకున్నావ్?" అని అందరిముందూ అడగొద్దు. "బంతులు తెద్దాం, రా" అని వెంట తీసుకెళ్తే దారిలో వాళ్లే మాట్లాడతారు. తిండి మానేయడం, బడికి రాకపోవడం, బతకాలని లేదనడం లాంటివి కనిపిస్తే మాత్రం అది ఆటతో సర్దుకునే విషయం కాదు. పిల్లల్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే క్లాస్ టీచర్‌కూ ఇంట్లోవాళ్లకూ చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.