కారు ముందు అద్దం మార్పిస్తున్నారా? గంటలో తాళం చేతికిచ్చే షాపుతో జాగ్రత్త

పోయిన వారం సింగరాయకొండ దాటాక హైవే మీద ఒక కారు ముందు పోతున్న లారీని గుద్దింది. బానెట్ నలిగింది, మనుషులు బతికారు. వింతేమిటంటే ముందు అద్దం పగల్లేదు. పలక పలకంతా ఫ్రేములోంచి ఊడొచ్చి రోడ్డు మీద పడింది. ఆ అద్దం ముందురోజు సాయంత్రమే మార్పించారంట. షాపాయన గంటలో బిగించి పంపించేశాడంట.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు, ఒంగోలు వైపు వానలు, తుపాన్లు. చీమకుర్తి గ్రానైట్ లారీలు, కృష్ణపట్నం పోర్టు లారీలు ఎప్పుడూ ఉండేవే. గుంతల్లో కంకర చక్రం కింద పడి ఎగిరిందంటే వెనక కారు అద్దం గోవిందా. పైగా కార్తీకం వస్తే మాల వేసుకున్నోళ్ళు శబరిమలకి కార్లు కడతారు. బయల్దేరే ముందురోజు అద్దం మార్పించుకునేవాళ్ళు ఏటా కనపడతారు. ఇది వాళ్ళ కోసం. టిప్పర్ వెనక అంటుకుని పోవద్దని నేను చెప్పక్కర్లేదు.

గమ్ము సంగతి

అంబాసిడర్ రోజుల్లో అద్దాన్ని రబ్బరు బీడింగులో కూర్చోబెట్టేవాళ్ళు. చాలా లారీలకి ఇప్పటికీ అంతే. బీడింగు ఎక్కిందంటే పని అయిపోయినట్టే, బండి అప్పుడే తీయొచ్చు. ఇప్పటి కార్లలో అద్దాన్ని బాడీకి పట్టి ఉంచేది యూరిథేన్ గమ్ము. అది గాలిలోని తేమ పీల్చుకుని పైనుంచి లోపలికి మెల్లగా గట్టిపడుతుంది. మామూలు రకమైతే రోజుకి 3, 4 మిల్లీమీటర్ల లోతు. వేలు పెట్టి చూస్తే ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా పేస్టే.

బీడింగు పనికి అలవాటుపడ్డ చెయ్యి ఈ కార్లకీ అదే లెక్క వేస్తుంది. కొందరైతే యూరిథేన్ కూడా కాదు, బాత్రూము సింకు చుట్టూ కొట్టే సిలికాన్ కొడతారు. నీళ్ళు కారవు, చూడ్డానికి నల్లగా నిండుగా ఉంటుంది. గుద్దుకున్నప్పుడు మాత్రం ఆగదు.

చాలా కార్లలో పక్కసీటు ఎయిర్‌బ్యాగు డాష్‌బోర్డులోంచి పైకి లేచి, ముందు అద్దానికి ఆనుకుని మనిషి వైపు తిరుగుతుంది. అద్దం ఊడిపోతే దానికి ఆనుకోడానికేమీ ఉండదు, అదీ బయటికే పోతుంది. బండి పల్టీ కొట్టినప్పుడు టాపు కూలకుండా ఉండటంలోనూ ఈ అద్దానికి వాటా ఉంది.

అందుకని షాపులో మొదట అడగాల్సింది రేటు కాదు. "అన్నా, బండి ఎప్పుడు తీయొచ్చు?" అని అడగండి. "అరగంటలో పోవచ్చు, ఏం కాదు" అంటే, ఏ గమ్మో చూపించమనండి. గంట రెండు గంటల్లో బండి తీయనిచ్చే గమ్ములు నిజంగానే ఉన్నాయి, కాదనను. ఎంత వేడిలో, ఎంత తేమలో, ఎయిర్‌బ్యాగులున్న బండికి ఎన్ని గంటలు ఆగాలో గమ్ము కంపెనీ కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం, ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ చూపించలేనోడు చెప్పే గంటని నమ్మకండి. ఇంకో షాపు చూసుకోండి. నెల్లూరులో, ఒంగోలులో "ఈ రోజు బండి ఇవ్వను, రేపు రండి" అని మొహమాటం లేకుండా చెప్పే పనివాళ్ళు ఉన్నారు. నన్నడిగితే అదే మంచి షాపుకి గుర్తు.

అద్దం మీద ముద్ర

మూలన ముద్ర ఉంటుంది. లామినేటెడ్ అని, ఐఎస్‌ఐ గుర్తు పైన ఐఎస్ 2553 అని ఉందా చూసుకోండి. ముందు అద్దానికి లామినేటెడ్ తప్పనిసరి. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు దానికే అంటుకుని ఉంటాయి. ముద్ర లేని అద్దం సగం ధరకి ఇచ్చినా వద్దు.

పని దగ్గర, పని అయ్యాక

టీకి పోకండి, అక్కడే నిలబడండి. పాత గమ్ము ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచి కోయాలి, కొత్తది దాని మీదే పడాలి. కత్తి తగిలి పెయింటు లేస్తే అక్కడ ప్రైమర్ పూయించండి. మన ఉప్పుగాలికి ఆ గీతలోంచే తుప్పు పుట్టి గమ్ము పట్టు వదిలేస్తుంది. పాత తుప్పు కనపడితే దాని మీద అద్దం పెట్టనివ్వొద్దు. అంటించే అంచుని ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వొద్దు. గాలిలో తేమ గమ్ముకి మంచిదేగానీ అంచు మీద నీటిచుక్క పనికిరాదు, కాబట్టి వానపూట రోడ్డు పక్కన, చెట్టు కింద పని వద్దు. షెడ్డు ఉండాలి.

అద్దం కదలకుండా అంటించిన టేపు ఆ రోజు పీకొద్దు. డోరు దబ్బున వెయ్యొద్దు. ఒక డోరు అద్దం కాస్త దించి ఉంచండి, లేకపోతే డోరు వేసినప్పుడల్లా లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి తోస్తుంది. రెండు రోజులు ప్రెజర్ వాష్ వద్దు. ఇరుముడి ముహూర్తం దాటిపోతుందని పనివాణ్ణి తరమొద్దు. రెండు రోజుల ముందే మార్పించండి. గమ్ము గట్టిపడకుండా హైవే ఎక్కొద్దు. పక్క ఊరికే కదా అని కూడా ఎక్కొద్దు.

అద్దం లోపలివైపు పైన కారుతోపాటే వచ్చిన కెమెరా ఉందా? అయితే దాని చూపుని మళ్ళీ సరిగ్గా కుదర్చలేని (క్యాలిబ్రేట్ చెయ్యలేని) షాపుకి ఇవ్వొద్దు. ఆటో బ్రేకు ఆ కెమెరా చూపుతోనే పడేది. రాయి తగిలి చిన్న చుక్కే పడితే, అది అంచున గానీ డ్రైవరు కంటికి ఎదురుగా గానీ లేకపోతే, మార్చక్కర్లేదు, అందులో రెజిన్ అనే జిగురు నింపిస్తే చాలు. దాన్ని అట్టాగే వదిలేసి, ఎండలో కాగిన కారులో ఏసీ ఒక్కసారిగా పెంచితే గీత పాకుతుంది.

బీమా ఉంటే అద్దం ఊడదీయకముందే చెప్పండి, ఫొటోలు తీయండి. గాజుకి తరుగుదల కోయరు, గమ్ము ఖర్చు మాత్రం మీ మీద పడొచ్చు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంత పోతుందో లెక్కేసుకోండి, ఒక్కోసారి చేతి డబ్బు పెట్టుకోవడమే మేలు. బిల్లు మీద అద్దం కంపెనీ, గమ్ము పేరు, తేదీ రాయించండి. తెల్లకాగితం మీద లెక్క తీసుకోవద్దు. పాత అద్దంతోపాటు ఫాస్టాగ్ కూడా పోతుంది, పీకి అంటిస్తే పనిచెయ్యదు. కొత్తదానికి ముందే అప్లై చేసుకోండి, లేదంటే టంగుటూరు టోలు దగ్గరే ఎక్కువ కట్టాల్సొస్తుంది.