ఇంట్లో చూసిన సినిమా గురించి పక్కోళ్ళకి పనికొచ్చేలా చెప్పడం ఎలా

ఫ్యామిలీ గ్రూపులో మావయ్య "ఆ సినిమా ఎలాగుందర్రా" అని అడుగుతాడు, కింద "బాగుంది", "ఓకే", "ఒకసారి చూడొచ్చు" అని మూడు రిప్లైలు పడతాయి. మూడూ చదివాక కూడా రాత్రి భోజనాలయ్యాక అది పెట్టాలో వద్దో ఆయనకి తెలీదు. థియేటర్ సినిమాకైతే అదే హాలు, అదే తెర, అదే సౌండు కాబట్టి "బాగుంది" అంటే కొంచెమైనా అర్థం అవుతుంది, ఇంట్లో అలా కాదు కదా, ఒకడు బస్సులో ఫోన్లో చూస్తాడు, ఒకడు పెద్ద టీవీలో చూస్తాడు, ఇంకొకడు మధ్యలో కరెంట్ పోయి మర్నాడు మిగతాది చూస్తాడు, ముగ్గురూ చూసింది ఒకే సినిమా అని ఎలా అనుకుంటాం? అందుకే సినిమా ఎలాగుందో చెప్పేముందు మనం ఎలా చూశామో చెప్పాలి. నేను చెప్పేది ప్రధానంగా ఇదే.

మొదట భాష సంగతి. ఒడిశాలో మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకే ఇంట్లో నాన్న తెలుగులో చూస్తాడు, ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో చదివే పిల్లలు అదే సినిమా హిందీ డబ్బింగ్‌లో చూస్తారు, పక్కింటి ఒడియా వాళ్ళు వచ్చి కూర్చుంటే అందరికీ మధ్యస్తంగా హిందీయే పెడతారు. ఆర్ఆర్ఆర్ గుర్తుందా, 2022 మే నెలలో ఓటీటీకి వచ్చినప్పుడు హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లో, తెలుగు మిగతా దక్షిణాది భాషలు జీ5లో పెట్టారు, అంటే ఇంట్లో ఏ యాప్‌కి డబ్బు కట్టి ఉంటే ఆ భాషలో చూశారు జనం. ఎన్టీఆర్, రామ్ చరణ్ హిందీకి కూడా సొంత గొంతే ఇచ్చారు కాబట్టి దాంట్లో పెద్దగా నష్టం లేదు, కానీ అన్ని సినిమాలకీ అలా కుదరదు. చాలా వాటికి డబ్బింగ్‌లో కామెడీ చచ్చిపోతుంది, యాస మొత్తం ఎగిరిపోతుంది. కాబట్టి "కామెడీ అస్సలు పండలేదు" అనేముందు "హిందీలో చూశాను" అని ఒక ముక్క ముందే పడేయండి, అవతలోళ్ళు మిగతాది వాళ్ళే అర్థం చేసుకుంటారు.

రీమేక్‌లకైతే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. దృశ్యం రెండో భాగం మలయాళంలో 2021 ఫిబ్రవరిలో వచ్చింది, తెలుగుది అదే ఏడాది నవంబర్లో వచ్చింది, రెండూ నేరుగా ప్రైమ్‌లోనే, రెండిటికీ డైరెక్టర్ జీతూ జోసెఫే. మలయాళంది ముందే చూసినోడు తెలుగుది చూసి "సస్పెన్స్ ఏం లేదు" అంటే ఆ మాటకి విలువ ఏటి? ఆడికి కథ ముందే తెలుసు. అలాంటప్పుడు "నేను మలయాళంది చూసే ఉన్నాను, అందుకని నాకు థ్రిల్ రాలేదు, వెంకటేష్ కోసం చూశాను" అంటే నిజాయితీగా ఉంటుంది, కొత్తగా చూసేవాడి సరదా కూడా చెడదు.

ఇప్పుడు టీవీ సంగతి, దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సినిమా మీద పడే తిట్లలో సగం నిజానికి టీవీకి పడాలి. "డైలాగులు వినబడవు, పాటొస్తే చెవులు బద్దలవుతాయి" అని అందరూ అంటారు కదా, చాలాసార్లు అది సినిమా తప్పు కాదు. ఓటీటీలో ఆడియో తరచుగా 5.1లో, అంటే ఆరు స్పీకర్లకి విడివిడిగా పంచిన సౌండుతో వస్తుంది, దాంట్లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి రాసిపెట్టి ఉంటాయి, మన టీవీకేమో రెండు చిన్న స్పీకర్లు, అవీ వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి, దాంతో మాట పలచబడి మ్యూజిక్ పైకి లేస్తుంది. యాప్‌లో ఆడియో దగ్గరకెళ్ళి 5.1 తీసేసి మామూలు స్టీరియో ఉంటే పెట్టండి, టీవీ సౌండ్ మోడ్‌లో స్పీచ్ అనో క్లియర్ వాయిస్ అనో ఉంటే అది ఆన్ చేయండి, తేడా అప్పుడే తెలుస్తుంది. ఇంకోటి, "ఫొటోగ్రఫీ సీరియల్లా ఉంది" అనే కంప్లైంట్. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు, కొత్త టీవీలు వాటి మధ్యలో సొంతంగా ఫ్రేములు పుట్టించి కదలికని నున్నగా చేస్తాయి, క్రికెట్‌కి అది బాగానే ఉంటుంది గానీ సినిమాకి పెడితే కోట్లు పెట్టి వేసిన సెట్టు కూడా అట్టముక్కలా కనబడుతుంది. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, పిక్చర్ సెట్టింగ్స్‌లో వెతికి ఆఫ్ చేసి అదే సీను మళ్ళీ చూడండి. అది చేశాక కూడా బాగోకపోతే అప్పుడు కెమెరామెన్‌ని తిట్టుకోవచ్చు, అడ్డేం లేదు.

ఫోన్లో డేటా సేవర్ పెట్టుకుని చూసినోళ్ళు అయితే చీకటి సీన్ల గురించి మాట్లాడకపోవడమే మంచిది. మధ్యాహ్నం కిటికీ తెరిచి చూసినోళ్ళు కూడా. స్పీడ్ పెంచి చూసి "సినిమా మరీ పరుగెత్తింది" అనేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు.

అభిప్రాయం చెప్పేటప్పుడు మొత్తం సినిమాని మోయక్కర్లేదు, ఒక్క సీను పట్టుకోండి లేదా ఒక్క మనిషిని పట్టుకోండి. ఉదాహరణకి కేరాఫ్ కంచరపాలెం గురించి "సూపర్ ఉంది, రియలిస్టిక్" అంటే ఏం తెలుస్తుంది ఎవరికైనా? ఇలా రాసి చూడండి: "2018ది, వెంకటేష్ మహాకి మొదటి సినిమా, విశాఖలో కంచరపాలెం జనమే చాలామంది యాక్ట్ చేశారు. పెళ్ళి కాని అటెండర్ రాజు ఉంటాడు, ఊరంతా ఆయన పెళ్ళి గురించే మాట్లాడుకుంటుంది, ఆ మాటలు మన వీధి అరుగు మీద వినబడేవే. మొదట్లో నెమ్మది, ఫోన్ పక్కన పెట్టేస్తేనే ఎక్కుతుంది. కొన్ని చోట్ల కొత్త నటుల మాట కొంచెం అప్పజెప్పినట్టు ఉంది, నాకు ఇబ్బంది అనిపించలేదు, మీకనిపించొచ్చు." అంతే, ఇది చదివాక ఎవరికి నచ్చుతుందో ఎవరికి నచ్చదో వాళ్ళకే తెలిసిపోతుంది. ఆ చివరి వాక్యం వదిలేయకండి, తగ్గిన చోటు ఒకటి చెప్తే మిగతా పొగడ్త నమ్ముతారు.

మనోళ్ళు ఒడియా సినిమాల గురించి అస్సలు రాయరు, ఇది నా ఫిర్యాదు. ఇంట్లో చూస్తారు, బజార్లో ఒడియా వాళ్ళతో మాట్లాడతారు, గ్రూపులో మాత్రం తెలుగు సినిమాలే. దమన్ అని 2022లో వచ్చింది, బాబూషాన్ హీరో, మల్కనగిరిలో బలిమెల రిజర్వాయర్ వల్ల తెగిపోయిన ఆ కటాఫ్ ఏరియాకి పోస్టింగ్ మీద వెళ్ళిన కుర్ర డాక్టరు, అక్కడ మలేరియా, అదీ కథ. ఇలాంటిది మా వైపు కాని తెలుగోళ్ళకి చెప్పేటప్పుడు ఆ ఏరియా ఏటో ఒక లైనులో చెప్పండి, పడవెక్కి ఎందుకు వెళ్ళాలో తెలీకపోతే సగం సినిమా వాళ్ళకి అందదు. సబ్‌టైటిల్స్‌తో చూడాలా, ఒడియా రాకపోయినా నెట్టుకురావచ్చా అన్నది కూడా చెప్పాలి.

పిల్లల్తో కూర్చుని చూడొచ్చా అన్నది అందరికీ కావాల్సిన సమాచారం, కానీ ఎవరూ చెప్పరు, తర్వాత సోఫాలో అందరూ ఒకేసారి రిమోట్ కోసం వెతుక్కుంటారు. ఓటీటీలో సినిమా మొదలయ్యేటప్పుడు మూల మీద యూ/ఏ 13+, 16+, ఏ అని పడుతుంది, దాన్ని చూసి రాయండి. బూతులా, రక్తమా, పడకగది సీనా, ఏది ఎక్కువో కూడా చెప్పండి, ఎందుకంటే కత్తులకి ఏమీ అనని మా అత్త ఒక్క ముద్దు సీనుకి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

కథ ఎంతవరకు చెప్పాలి? మొదటి అరగంటలో జరిగేది చెప్పొచ్చు, ట్రైలర్‌లో ఉన్నది చెప్పొచ్చు, అక్కడితో ఆగాలి. "చివర్లో ట్విస్ట్ ఉంది, ఊహించలేరు" అనడం కూడా స్పాయిలరే, విన్నోడు మొదటి సీను నుంచి డిటెక్టివ్ అయిపోతాడు. సగంలో ఆపేస్తే సగంలో ఆపేశాను అనే చెప్పండి, గంటన్నర దగ్గర నిద్రొచ్చింది అన్నది కూడా అభిప్రాయమే, కానీ క్లైమాక్స్ గురించి మాత్రం మాట్లాడకూడదు మరి.

ఇంకా ఎంత వసూలు చేసింది, ఏ హీరో ఫ్యాన్స్ ఏమన్నారు, ఇవి అభిప్రాయంలోకి తేవద్దు, గ్రూపులో గొడవలు అక్కడే మొదలవుతాయి. బావ రికమెండ్ చేసిన సినిమా నచ్చకపోతే "చెత్త" అనక్కర్లేదు, "బావా, నీకెందుకు నచ్చిందో అర్థమైంది, ఆ అన్నదమ్ముల సీను నాక్కూడా బాగుంది, సెకండాఫ్ ఫైట్లు మాత్రం నావల్ల కాలేదు" అంటే బావ అలగడు, మళ్ళీ ఇంకోటి చెప్తాడు.

రాయడం కష్టమైతే వాయిస్ నోట్ పెట్టండి, మా వైపు అదే మేలు కూడా, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు చాలామంది తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, పొడుగు మెసేజ్ చూస్తే పైకి తోసేస్తారు. సినిమా పేరు, భాష, ఎక్కడ దొరుకుతుంది, ఎంతసేపు, ఆ తర్వాత మీ మాట. నిమిషం దాటనివ్వకండి, దాటితే మా పిన్ని వినదు, మళ్ళీ ఫోన్ చేసి అదంతా మొదట్నుంచి చెప్పమంటుంది.