పెళ్లి ఫుటేజిని బ్లూ-రే డిస్కుల్లో భద్రపరచడం: కొత్త కంప్యూటర్ కొనే ముందు చూసుకోవలసినవి

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు నగరంలోకి వచ్చినప్పుడు పాతబస్తీలోని మా వీడియో స్టూడియో నీట మునిగింది. బురద తీశాక చూస్తే హార్డ్ డిస్కుల్లో ఒక్కటీ తిరగలేదు గాని, డీవీడీలను మంచినీళ్లతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకు తుడిచి ఆరబెడితే చాలావరకు చదవగలిగాము. పెళ్లి ఫుటేజికి హార్డ్ డిస్కుతో పాటు డిస్కుల్లో కూడా ఒక ప్రతి ఉంచాలన్న పట్టుదల నాకు అప్పటి నుంచే. అయితే నేడు దొరికే కొత్త క్యాబినెట్లలో డిస్కు డ్రైవుకు చోటే ఉండడం లేదు కనుక, కంప్యూటర్ మార్చాలనుకునేవారు ఈ సంగతిని కొనే ముందే తేల్చుకోవాలి.

డిస్కు ఎంత గట్టిదైనా దానిని చదివే డ్రైవు దొరకకపోతే ప్రయోజనం లేదు. దీనికి హెచ్‌డీ డీవీడీయే ఉదాహరణ. డీవీడీ తరువాతి తరం డిస్కులైన హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే రెండూ 2006లో కొద్ది నెలల తేడాతో మార్కెట్‌లోకి వచ్చాయి. రెండింటిదీ 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరే. తోషిబా ముందుండి నడిపిన హెచ్‌డీ డీవీడీలో సమాచారపు పొర, డీవీడీలో లాగానే, ఉపరితలం నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉండేది. అందువల్ల తయారీ సులువైంది గాని ఒక్కో పొరలో 15 జీబీ మాత్రమే పట్టేది. సోనీ తదితర కంపెనీల బ్లూ-రేలో ఆ లోతు 0.1 మిల్లీమీటరే కావడంతో లేజరు చుక్కను మరింత చిన్నది చేసి 25 జీబీ పట్టించగలిగారు. 2008 జనవరిలో హాలీవుడ్ సినిమా సంస్థ వార్నర్ బ్లూ-రే పక్షాన చేరింది, ఫిబ్రవరి 19న తోషిబా పోటీ నుంచి తప్పుకుంది. నాటి హెచ్‌డీ డీవీడీ మీ బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నా మామూలు బ్లూ-రే డ్రైవు దానిని చదవదు. ఎక్స్‌బాక్స్ 360 కోసం అమ్మిన యూఎస్‌బీ డ్రైవు గాని, రెండు రకాలనూ చదివే ఎల్జీ పాత డ్రైవు గాని సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుని, సమాచారాన్ని వెంటనే బయటికి తీసుకోవడం ఒక్కటే మార్గం.

ఇక కంప్యూటర్ విషయానికి వద్దాం. ముందు వైపు 5.25 అంగుళాల బే (డిస్కు డ్రైవు బిగించే అర) ఉన్న క్యాబినెట్‌నే అడగండి. అద్దాల తలుపులు, రంగు దీపాల మోజులో పడితే అది దొరకదు. మదర్‌బోర్డులో డ్రైవులను తగిలించే సాటా పోర్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడంతో పని తీరదు. కొన్ని బోర్డుల్లో ఎం.2 అనే సన్నటి స్లాట్ ఒకదానిలో ఎస్ఎస్‌డీ (చిప్పులతో పనిచేసే నిల్వ పరికరం) పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, కాబట్టి మాన్యువల్‌లో ఆ పేజీ చూసి మరీ డబ్బు కట్టండి. ర్యామ్ డీడీఆర్4 అయినా డీడీఆర్5 అయినా డిస్కు రాయడానికి తేడా లేదు. బే లేని క్యాబినెట్ ఇప్పటికే కొనేసినవారు యూఎస్‌బీ డ్రైవు వాడుకోవచ్చు గాని, దానిని నేరుగా వెనుక పోర్టుకే తగిలించాలి. ముందు పోర్టుకు పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వేసి నేను రెండు డిస్కులు పాడుచేసుకున్నాను. డ్రైవుకు కరెంటు చాలక రాత మధ్యలోనే ఆగిపోయింది.

4కె సినిమా డిస్కులు కూడా ఇందులోనే చూద్దామనుకునేవారికి ఒక మాట. వాటిని కంప్యూటర్‌లో అధికారికంగా ఆడించడానికి అవసరమైన ఎస్‌జీఎక్స్ అనే ప్రాసెసర్ భద్రతా సదుపాయాన్ని ఇంటెల్ 11వ తరం కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి తీసివేసింది. మన సొంత ఫుటేజి రాసుకోవడానికి, చదువుకోవడానికి దానితో పని లేదు.

ఖాళీ డిస్కులు కొనేటప్పుడు ప్యాకెట్‌పై ఎల్‌టీహెచ్ అన్న అక్షరాలు కనిపిస్తే వదిలేయండి. వాటిలో రాతపొర సేంద్రియ రంగుతో తయారవుతుంది, మిగతావాటిలో సాధారణంగా లోహ సమ్మేళనాలు ఉంటాయి. ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపివేసింది, ఇతర కంపెనీలవి దొరుకుతున్నాయి. డ్రైవు మాత్రం ఒకటికి రెండు కొని, రెండవదాన్ని పెట్టె విప్పకుండా దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసిన 4కె ఫుటేజి గంటకు 45 జీబీ అవుతుంది. అంటే 25 జీబీ డిస్కులో దాదాపు 33 నిమిషాలు పడుతుంది. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు వంటి ఘట్టాల రా ఫుటేజిని, ఎడిటింగ్ పూర్తయిన ఫైలును రాసి, భోజనాల బంతుల ఫుటేజిని వదిలేసినా ఎవరూ అడగరు. లెక్కించే పద్ధతి వేరు కనుక 25 జీబీ డిస్కును విండోస్ 23.3 జీబీగా చూపుతుంది. అంచు దగ్గర తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ కనుక నేను 22 దగ్గరే ఆపుతాను. ఫైల్ సిస్టమ్‌గా (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతిగా) యూడీఎఫ్ ఎంచుకుని, 4ఎక్స్ వేగం పెడితే ఇరవై అయిదు నిమిషాల లోపే రాత ముగుస్తుంది. ఒకసారి రాసే డిస్కు మధ్యలో కరెంటు పోతే చెత్తబుట్టకే కనుక యూపీఎస్ తప్పనిసరి. రాత ముగిశాక వెరిఫై చేయించకుండా (రాసినది సరిగా ఉందో లేదో సాఫ్ట్‌వేర్‌తో సరిచూడకుండా) డిస్కును బయటికి తీయకండి.

పేరు, తేదీ సీడీ మార్కర్‌తో పైవైపు మాత్రమే రాసి, విడి పెట్టెలో నిలువుగా ఉంచాలి. మే నెలలో కర్నూలు అటక మీద, రేకుల కప్పు కింద ఏ డిస్కునూ పెట్టకూడదు. లోపలి గదిలో, ఎండ తగలని బీరువాలో పై అర సరిపోతుంది. రెండవ సెట్టును నదికి దూరంగా, ఎత్తులో ఉన్న బంధువుల ఇంట ఉంచండి. మా రెండవ సెట్టు డోన్‌లో మా అక్కగారింట ఉంది. ఏటా దసరాకు వెళ్లినప్పుడు నాలుగు డిస్కులు తీసి ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచి చివరిదాకా కాపీ చేసి చూస్తాను, ఏదైనా తడబడితే ఆ సంవత్సరం డిస్కులన్నీ కొత్తవాటిలోకి మారుస్తాను.