ఫేజ్ డీఎన్‌ఏని ఎంజైమ్ కోయకపోతే ఏం చేయాలి?

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల నీళ్లు తెచ్చి, విబ్రియో అనే బ్యాక్టీరియాని చంపే ఫేజ్‌ల (బ్యాక్టీరియాలో పెరిగే వైరస్‌ల) కోసం వెతికేవాళ్లకి తగిలే చిక్కు ఇది. డీఎన్‌ఏ బాగానే వస్తుంది. డీఎన్‌ఏని ఒక నిర్ణీత వరస దగ్గర కోసే హిండ్-3 ఎంజైమ్ వేసి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచినా, ముక్కల్ని సైజు వారీగా విడదీసే జెల్‌లో వెల్ (డీఎన్‌ఏ పోసే గుంట) దగ్గరే లావుపాటి బ్యాండ్ ఒక్కటే కనిపిస్తుంది. ఎంజైమ్ వేయని ట్యూబ్‌కీ దీనికీ తేడా ఉండదు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

మూడు ట్యూబులు పెట్టండి: లాంబ్డా డీఎన్‌ఏ (ఈ ఎంజైమ్ కోస్తుందని ముందే తెలిసిన ఫేజ్ డీఎన్‌ఏ) ఒక్కటే, మీ డీఎన్‌ఏ ఒక్కటే, రెండూ కలిపి ఒకటి. మూడింటిలోనూ ఎంజైమ్ వేయండి. కలిపిన ట్యూబే అసలు సాక్షి, చాలామంది వదిలేసేదీ దాన్నే.

ఒంటరి లాంబ్డా కూడా తెగకపోతే ముందు ఎంజైమ్‌నే అనుమానించండి. మాటిమాటికీ కరెంటు పోయే చోట ఫ్రీజర్‌ని నమ్మలేం. కొత్తది తెప్పించండి.

ఒంటరి లాంబ్డా తెగి, కలిపిన దాంట్లో తెగకపోతే మీ డీఎన్‌ఏలో మురికి ఉంది. విబ్రియోని ఉప్పు బ్రాత్‌లో పెంచుతాం కదా, ఆ ఉప్పు వెంట వస్తుంది. డీఎన్‌ఏ తీసేటప్పుడు వాడే ఫినాల్, ఈడీటీఏ మిగిలినా ఇంతే. ఆల్కహాల్ వేసి డీఎన్‌ఏని మళ్లీ అడుక్కి దించి, 70 శాతం ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి.

లాంబ్డా కలిపినా తెగింది, మీది తెగలేదు

అప్పుడు కూడా తొందరపడొద్దు. ఆ ఎంజైమ్ కోసే చోటే మీ ఫేజ్‌లో లేకపోవచ్చు. ఇంకో నాలుగైదు ఎంజైమ్‌లు వేసి చూడండి. అవీ కోయకపోతే ఫేజ్ తన డీఎన్‌ఏనే మార్చుకుని ఉండొచ్చు.

పాఠాల్లో వచ్చే టీ4 ఫేజ్ ఇందుకు మంచి ఉదాహరణ. దాంట్లో డీఎన్‌ఏ నాలుగు బేస్‌ల్లో (అక్షరాల్లో) ఒకటైన సైటోసిన్ బదులు హైడ్రాక్సీమిథైల్‌సైటోసిన్ ఉంటుందని 1952లోనే శాస్త్రవేత్తలు వయట్, కోహెన్ చూపించారు. ఫేజ్ ఈ బేస్‌ని తనే తయారుచేసుకుని డీఎన్‌ఏలో పెడుతుంది, తర్వాత దానిమీద గ్లూకోజ్ అంటిస్తుంది. తాళం కన్నంలో మైనం కూరినట్టు, ఆ చక్కెర అడ్డుపడి ఎంజైమ్ పట్టు చిక్కదు. గ్లూకోజ్ లేకుండా ఉత్త హైడ్రాక్సీమిథైల్ ఉంటే కోసేసే ఎంజైమ్‌లు కూడా బ్యాక్టీరియా దగ్గర ఉన్నాయి. కాబట్టి చక్కెర ఉత్త అలంకారం కాదు.

ఇక్కడ డ్రా-1, ఎస్‌ఎస్‌పీ-1 ఎంజైమ్‌లు వేసి చూడండి. ఇవి కోసే టీటీటీఏఏఏ, ఏఏటీఏటీటీ వరసల్లో సైటోసిన్, గ్వానిన్ రెండూ లేవు. టీ4ని ఇవి కోస్తాయి. మీ ఫేజ్‌లోనూ ఇవి మాత్రమే కోస్తే అనుమానం సైటోసిన్ మీదే. ఇవీ కోయకపోతే మిగతా బేస్‌లూ చూడాలి. ఎస్-2ఎల్ అనే ఫేజ్ అడినిన్ స్థానంలో డైఅమినోప్యూరిన్ పెడుతుంది, ఎస్‌పీఓ1 థైమిన్ బదులు హైడ్రాక్సీమిథైల్‌యురాసిల్ వాడుతుంది.

ఎంబీఓ-1 కోయలేదు, సా3ఏ కోసింది

ఈ రెండు ఎంజైమ్‌లూ కోసే వరస జీఏటీసీనే. ఇది చాలావరకు ఆతిథేయి (ఫేజ్ పెరిగిన బ్యాక్టీరియా) డ్యామ్ ఎంజైమ్ అక్కడి అడినిన్‌కి అంటించిన మిథైల్ పని. ఆ మిథైల్ ఉంటేనే కోసే డీపీఎన్-1 కోస్తే ఖాయం.

ఎలాగైనా ముక్క కావాలంటే

కావలసిన భాగాన్ని పీసీఆర్ చేయండి, అంటే ట్యూబులోనే దాని కాపీలు తీయండి. కాపీలో మామూలు బేస్‌లే ఉంటాయి, ఎంజైమ్ హాయిగా కోస్తుంది. పాలిమరేజ్ (కాపీ తీసే ఎంజైమ్) విషయంలో మాత్రం జాగ్రత్త: పీబీఎస్1 లాగా థైమిన్ బదులు యురాసిల్ ఉన్న ఫేజ్ అయితే పీఎఫ్‌యూ అక్కడే ఆగిపోతుంది, టాక్ వాడండి.