పివిసి పైపు జాయింటు లీకవకుండా అతికించడం ఎలా?

బంగారుపాళెం వైపు మామిడి తోటల్లో బోరు లైన్లు వేస్తుంటాను. ఇతరులు వేసినవి ఊడిపోతే సరిచేయడానికీ పిలుస్తారు. లీకైన జాయింటు కోసి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే తప్పు. పైపులు అతికించే డబ్బా సొల్యూషన్‌ను జిగురు అనుకుని పూసుంటారు.

అది జిగురు కాదు. పివిసి అంటే వినైల్ క్లోరైడ్ అణువులు వేలకొద్దీ గొలుసులా కలిసిన పదార్థం. సొల్యూషన్‌లోని ద్రావకం పైపు పైపొరనూ కప్లర్ (రెండు పైపులను కలిపే ముక్క) లోపలి పొరనూ కరిగిస్తుంది. రెండు వైపుల గొలుసులూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. ద్రావకం ఆవిరైపోయాక రెండూ ఒకే ముక్క. అందుకే నల్లటి డ్రిప్ పైపుకు ఎంత పూసినా అతుక్కోదు, అది పాలిథీన్, ఈ ద్రావకానికి కరగదు. ఫెవికాల్ కూడా వినైల్ చుట్టమే, పాలీవినైల్ ఎసిటేట్. కానీ అందులోని నీళ్లను చెక్క పీల్చుకుంటేనే అది గట్టిపడుతుంది. పైపు నీళ్లు పీల్చదు.

హాక్సా బ్లేడు, ఎమరీ పేపరు, పొడి గుడ్డ, మార్కరు, బ్రష్ చాలు. పైపు తిన్నగా కోయండి, అంచు గీకండి, పైపు పైవైపూ కప్లర్ లోపలి వైపూ ఎమరీతో లేతగా రుద్ది తుడవండి. కప్లర్ లోతు కొలిచి పైపు మీద గీత పెట్టండి.

అసలు పని ఇక్కడుంది. ముందు కప్లర్ లోపల పలుచగా, తర్వాత పైపు మీద గీత దాకా కాస్త మందంగా పూయండి. వేలితో పూయకూడదు, బ్రష్‌తోనే. కప్లర్‌లో ఎక్కువ పూస్తే మిగిలింది లోపలికి జారి పైపు గోడను మెత్తబరుస్తుంది. తడి ఆరకముందే, ఇరవై సెకన్లలోపే, పావు చుట్టు తిప్పుతూ గీత దాకా ఒక్క దెబ్బలో తోయండి. తోశాక అర నిమిషం గట్టిగా పట్టుకోండి. కప్లర్ లోపల కొంచెం సన్నబడుతూ పోతుంది కాబట్టి వదిలేస్తే పైపును తానే వెనక్కి నెట్టేస్తుంది. చాలామంది చేయి తీసేది ఈ క్షణంలోనే. మూడు అంగుళాలు దాటిన పైపుకు ఇద్దరు మనుషులు కావాలి.

ఏప్రిల్, మే ఎండలో కాలిన పైపు మీద సొల్యూషన్ తోయకముందే పొరకట్టేస్తుంది. పొర కట్టినదాన్ని తోస్తే పైకి అతికినట్టే ఉంటుంది, లోపల గొలుసులు కలవవు. అందుకే ఉదయం ఎనిమిదిలోపే జాయింట్లు అయిపోవాలి. డబ్బా ముద్దకట్టి ఉంటే థిన్నర్ కలపకుండా పారేయండి. దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకండి, ఆవిరి అంటుకుంటుంది.

కప్లర్ డబ్బులు మిగులుతాయని పైపు కొసను మంట మీద కాల్చి వెడల్పు చేసి, ఇంకో పైపు దూర్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పివిసి సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మంట వేడి అంతకు ఎన్నో రెట్లు. పివిసి బరువులో సగానికి పైగా క్లోరిన్. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ముక్కు మండేది దానివల్లే. సాగదీసిన చోట గోడ పలుచబడుతుంది, ఒత్తిడికి ముందు పగిలేదీ అక్కడే.

జాయింటును అరగంట కదిలించకండి. మోటారు మాత్రం మర్నాడే. వ్యవసాయ కరెంటు వచ్చేసిందని ఒక రైతు గంటకే స్విచ్ వేస్తే, రెండంగుళాల లైను ఊడి, కొత్తగా నాటిన తోతాపురి మొక్కల మొదళ్లు కొట్టుకుపోయాయి. ఆయనకు ఒక్క రాత్రి ఆగమని గట్టిగా చెప్పకపోయానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మర్నాడు గేట్ వాల్వు కొద్దిగా తెరిచి మోటారు వేయండి. ఒక్కో జాయింటు కింద పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి తగలకపోతేనే పైపు వేసిన కాలువ పూడ్చండి.