విద్యా పరిశోధన సలహా సంఘాల సభ్యుల పేర్లు, మినిట్స్ అడిగి తీసుకోవడం ఎలా

కర్నూలు జిల్లాలో కోసిగి, ఆదోని, ఆలూరు వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తుంటాయి. వాళ్ల వెంట వెళ్లే పిల్లల చదువు మీద ఏ అధ్యయనం జరగాలి, ఉపాధ్యాయ శిక్షణలో ఆ సమస్యకు ఎంత చోటు దక్కాలి అనే విషయాలు చాలావరకు జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో (డైట్‌లలో), విశ్వవిద్యాలయాల్లో, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలిలో ఉండే సలహా సంఘాల ముందుకు వస్తాయి. ఆ సంఘాల్లో ఎవరున్నారో, వాళ్లు ఏ సలహా ఇచ్చారో తెలుసుకునే హక్కు ఆ పిల్లల తల్లిదండ్రులకూ, అదే అంశం మీద పనిచేసే పరిశోధక విద్యార్థికీ సమానంగా ఉంది. దాన్ని ఎలా వినియోగించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పట్టుకోవలసింది సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి)లో ఎనిమిదో అంశాన్ని. ఇద్దరు లేదా అంతకు మించిన సభ్యులతో, తన సలహా కోసం ఏర్పాటు చేసుకున్న ప్రతి బోర్డు, మండలి, కమిటీ వివరాలను ప్రభుత్వ సంస్థ ఎవరూ అడగకుండానే ప్రచురించాలని, ఆ సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, వాటి మినిట్స్ (సమావేశంలో జరిగిన చర్చ, నిర్ణయాల నమోదు) ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో కూడా చెప్పాలని అది నిర్దేశిస్తుంది. సమావేశం తలుపులు తెరిచి తీరాలని మాత్రం చెప్పదు. అమెరికాలో 1972లో వచ్చిన సలహా సంఘాల చట్టం ప్రకారం సాధారణంగా సమావేశాలు బహిరంగంగా జరగాలి, వాటి ప్రకటన కనీసం 15 రోజుల ముందు అక్కడి ప్రభుత్వ గెజిట్‌లో రావాలి. మన చట్టం అంత దూరం వెళ్లలేదు కాబట్టి సమావేశంలో కూర్చోనివ్వమని అడగడం కంటే రికార్డులు అడగడమే ఫలించే మార్గమని నా అభిప్రాయం. పైగా సెక్షన్ 2(ఎఫ్) ‘సమాచారం’ అనే మాటకిచ్చిన నిర్వచనంలో అభిప్రాయాలు, సలహాలు స్పష్టంగా ఉన్నాయి. అందువల్ల ‘అవి సలహాలే గానీ నిర్ణయాలు కావు’ అని పక్కన పెట్టే వీలు జవాబిచ్చే సమాచార అధికారికి లేదు.

సమాచారం కోరే దరఖాస్తు ఏ సంస్థకు పంపాలో సరిగా తేల్చుకోవాలి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం రాష్ట్ర సంస్థలు. 2018లో అనంతపురంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కేంద్ర సంస్థ కాబట్టి దానిపై చివరి అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్తుంది. విద్యా పరిశోధనలకు నిధుల విషయం చూసే ఎరిక్ కమిటీ ఢిల్లీలోని జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలికి (ఎన్‌సీఈఆర్‌టీకి) చెందింది కాబట్టి అదీ కేంద్ర పరిధిలోనిదే. కర్నూలు డైట్ బి.తాండ్రపాడులో ఉంది. పాత అనంతపురం జిల్లా డైట్ ఉన్న బుక్కపట్నం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది కనుక చిరునామా రాసేటప్పుడు చూసుకోవాలి. ఒకవేళ దరఖాస్తు తప్పు కార్యాలయానికి చేరినా, సెక్షన్ 6(3) ప్రకారం దాన్ని 5 రోజుల్లోగా సరైన చోటికి పంపవలసిన బాధ్యత అందుకున్న అధికారిదే.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ప్రశ్నల మీద. ‘ఈ అధ్యయనాన్ని ఎందుకు తిరస్కరించారు?’ అని రాస్తే, అది సంజాయిషీ అడగడం అవుతుందని జవాబు రావచ్చు. సంస్థ దగ్గర ఉన్న సమాచారం ఇస్తే చాలని, కొత్తగా సమాచారం తయారు చేయనక్కర్లేదని, అభిప్రాయం చెప్పనక్కర్లేదని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి కారణం కావాలన్నా, ఆ కారణం నమోదైన కాగితాన్నే అడగాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘మీ సంస్థలోని కార్యక్రమ సలహా సంఘాన్ని ఏర్పాటు చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు ప్రతి, ప్రస్తుత సభ్యుల పేర్లు, హోదాలు, పదవీకాలం, గత రెండు విద్యా సంవత్సరాల్లో జరిగిన సమావేశాల ఎజెండా, హాజరు పట్టిక, ఆమోదించిన మినిట్స్ ప్రతులు, ఆ సిఫార్సులపై తీసుకున్న చర్యల నివేదిక, సంబంధిత నోట్ ఫైలు ప్రతులు, సభ్యులకు చెల్లించిన ప్రయాణ భత్యం, గౌరవ వేతనం వివరాలు, తమకు సంబంధం ఉన్న ప్రతిపాదనల విషయంలో సభ్యులు ఇచ్చిన ప్రకటనలు ఉంటే వాటి ప్రతులు, సెక్షన్ 4(1)(బి)(8) కింద మీరు ప్రచురించిన వివరాల ప్రతి.’ ఈ చివరి అంశాన్ని తప్పకుండా చేర్చాలి. ఆ వివరాలు ప్రచురించకపోతే ఆ సంగతి జవాబులోనే రాతపూర్వకంగా బయటపడుతుంది, అది అప్పీలులో పనికొస్తుంది.

కాలాన్ని రెండు మూడేళ్లకు పరిమితం చేయడం మంచిది. పదేళ్ల రికార్డులు ఒకేసారి అడిగితే సిబ్బందికి నిజంగానే భారమవుతుంది, జవాబూ ఆలస్యమవుతుంది. ఫైళ్లు ఎక్కువగా ఉంటాయనిపిస్తే ముందు పరిశీలనకు అనుమతి కోరి, మొదటి గంట రుసుము లేకుండా చూసి, కావలసిన పేజీలు గుర్తించుకుని, వాటికే ధ్రువీకరించిన ప్రతులు తీసుకోవచ్చు. పీహెచ్‌డీ పర్యవేక్షకుల పేర్లు, వారి విద్యార్థుల పరిశోధనాంశాలు వెబ్‌సైట్‌లో ఉంచాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి ఆ సమాచారాన్ని ముందు అక్కడ వెతకాలి.

దరఖాస్తు తెలుగులో రాయవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. విశ్వవిద్యాలయ స్థాయిలో రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. స్పీడ్ పోస్టు రసీదునో, కార్యాలయం ముద్ర వేసిన నకలునో భద్రపరచుకోవాలి. జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం ప్రతులు ఉచితంగా ఇవ్వాలి.

నిరాకరణ వస్తే అందులో చెప్పిన సెక్షన్‌ను జాగ్రత్తగా చదవాలి. ఎక్కువగా ఎదురయ్యేది వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె). 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ అంశాన్ని మరింత కఠినం చేసింది. అయినా, గోప్యతకు కలిగే హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2) అలాగే ఉంది. ప్రజాధనంతో నడిచే సంఘంలో కూర్చున్నవారి పేరు, హోదా వారి సొంత వ్యవహారం కాదని నేను గట్టిగా నమ్ముతాను. వారి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా మాత్రం మనం అడగకూడదు, అవి మనకు అవసరం లేదు కూడా. నియామక ఇంటర్వ్యూ బోర్డుల సంగతి వేరు: ఆ సభ్యుల పేర్లు వెల్లడిస్తే వారికి ప్రమాదం కలగవచ్చని, ఇవ్వనక్కర్లేదని బీహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. సలహా సంఘాలకు ఆ తీర్పు చూపి నిరాకరిస్తే, ఇక్కడ అభ్యర్థులకు మార్కులు వేసే పని లేదని అప్పీలులో రాయాలి. మినిట్స్‌లో ఏదో ఒక భాగం నిజంగా ఇవ్వకూడనిదైతే, సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని కోరాలి.

మొదటి అప్పీలును జవాబు అందిన, లేదా గడువు ముగిసిన 30 రోజుల్లో అదే సంస్థలోని పై అధికారికి పంపాలి. ఆయన 30 రోజుల్లో, కారణాలు నమోదు చేస్తే గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర లేదా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. నిరాకరణ సరైనదేనని నిరూపించే భారం సెక్షన్ 19(5) ప్రకారం అధికారి మీదే ఉంటుంది. సరైన కారణం లేకుండా ఆపితే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడవచ్చు. అయితే ఎక్కువమంది మరిచిపోయేది సెక్షన్ 19(8)(ఎ)ని. ఫలానా సమాచారాన్ని ప్రచురించాలని సంస్థను ఆదేశించే అధికారం దాని కింద కమిషన్‌కు ఉంది. కాబట్టి రెండో అప్పీలులో మీకు కావలసిన ప్రతులతో ఆపకుండా, ఆ సంఘం సభ్యుల జాబితా, మినిట్స్ సంస్థ వెబ్‌సైట్‌లో తెలుగులో కూడా ఉంచేలా ఆదేశించాలని ఒక వాక్యం విడిగా రాయండి.